ఊపిరితిత్తి నడిమధ్యన కణితి: 'మూడు సిట్టింగుల' రేడియేషన్ అందరికీ సురక్షితమేనా?

ఇంట్లో పెద్దాయనకు ఊపిరితిత్తిలో కణితి ఉందని తేలింది. అదృష్టం కొద్దీ తొలిదశే. కానీ ఏళ్ల తరబడి చుట్టా బీడీ తాగిన ఊపిరితిత్తులు ఆపరేషన్‌ను తట్టుకోలేవని డాక్టర్ తేల్చేశారు. 'కరెంటు పెట్టిద్దాం' అన్నారు. ఒక ఆస్పత్రిలో 3 సిట్టింగులు చాలన్నారు. ఇంకో చోట 8 కావాలన్నారు. మరో చోట ఆరు వారాలు రోజూ రావాలన్నారు.

మీరైతే దేనికి ఒప్పుకుంటారు?

కొత్తపట్నం లాంటి ఊరి నుంచి ఒంగోలు, అక్కడి నుంచి గుంటూరో చెన్నయ్యో తిరగాల్సిన కుటుంబానికి 3 సిట్టింగులే ముద్దనిపిస్తాయి. బస్సు ఛార్జీలు, గది అద్దె, తోడు వెళ్లినవాళ్ల కూలి అన్నీ మిగులుతాయి. పైగా 'కొత్త టెక్నాలజీ' అన్న మాట ఒకటి. కానీ ఈ చికిత్స విషయంలో ముందు అడగాల్సింది ఎన్నిసార్లు అని కాదు. కణితి ఎక్కడుంది అని. ఊపిరితిత్తి అంచున ఉన్న కణితికి బాగా పనిచేసిన డోసే నడిమధ్యన ఉన్న కణితికి ఇస్తే ప్రాణం మీదకు తెచ్చిన సందర్భాలున్నాయి. అలాగని మధ్యలో కణితి ఉన్నవాళ్లకు ఈ చికిత్స పనికిరాదనీ కాదు. తేడా ఎక్కడొస్తుందో చూద్దాం.

ఏమిటీ చికిత్స?

దీన్ని వైద్యులు ఎస్‌బీఆర్‌టీ అంటారు. పూర్తి పేరు స్టీరియోటాక్టిక్ బాడీ రేడియేషన్ థెరపీ. కొన్ని ఆస్పత్రులు ఎస్‌ఏబీఆర్ అనీ, ఇంకొన్ని యంత్రం పేరుతోనూ పిలుస్తాయి. పేరు ఏదైనా పని ఒకటే. చాలా దిక్కుల నుంచి సన్నటి కిరణాలను పంపి, అవన్నీ కణితి మీదే కలిసేలా చేస్తారు. ఒక్కో కిరణం దారిలో ఉన్న మంచి కణజాలానికి కొంచెమే తగులుతుంది. అన్నీ కలిసిన చోట మాత్రం డోసు చాలా ఎక్కువగా ఉంటుంది.

రేడియేషన్ డోసును 'గ్రే' అనే కొలతలో చెబుతారు. పాత పద్ధతిలో రోజుకు 2 గ్రే చొప్పున 30 రోజుల దాకా ఇస్తారు. ఎస్‌బీఆర్‌టీలో ఒక్క సిట్టింగులోనే 7 నుంచి 20 గ్రే వరకు ఇస్తారు. అందుకే 3 నుంచి 8 సార్లతో చికిత్స పూర్తవుతుంది.

ఊపిరితిత్తి అంచున ఉన్న చిన్న కణితులకు దీని ఫలితాలు చాలా బాగున్నాయి. ఆపరేషన్‌కు పనికిరాని రోగులపై అమెరికాలో ఆర్‌టీఓజీ 0236 అనే ప్రయోగం చేశారు. 54 గ్రేను 3 సార్లుగా ఇచ్చారు. 2010లో వచ్చిన ఫలితాల ప్రకారం మూడేళ్ల తర్వాత కూడా 97.6 శాతం మందిలో ఆ కణితి అదుపులోనే ఉంది. పాత పద్ధతిలో ఇలాంటి ఫలితం ఊహించలేనిది. 'మూడు సిట్టింగులు చాలు' అన్న మాటకు ఇలాంటి ఫలితాలే ఆధారం. అయితే ఆ ప్రయోగంలోకి తీసుకున్నది అంచున కణితి ఉన్నవాళ్లను మాత్రమే.

'మధ్యలో' అంటే ఎక్కడ?

ఊపిరితిత్తిని తలకిందులుగా నిలబెట్టిన చెట్టులా ఊహించుకోండి. గొంతు నుంచి దిగే శ్వాసనాళం చెట్టు మాను. అది రెండుగా చీలి, ఆ తర్వాత కొమ్మలుగా, రెమ్మలుగా ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. మాను, పెద్ద కొమ్మలు ఉన్న చోటుకు చుట్టూ 2 సెంటీమీటర్ల లోపు కణితి ఉంటే దాన్ని 'సెంట్రల్' కణితి అంటారు. గుండె, పెద్ద రక్తనాళాలు, అన్నవాహిక, వెన్నుపాము దగ్గరగా ఉన్నవాటినీ ఇందులోనే చేరుస్తారు. కణితి గానీ, దాని చుట్టూ రేడియేషన్ ఇవ్వాలని గీసిన హద్దు గానీ పెద్ద శ్వాసనాళానికో, అన్నవాహికకో, పెద్ద రక్తనాళానికో తగులుతుంటే 'అల్ట్రా సెంట్రల్' అంటారు.

చెట్టు పోలికతో చూస్తే ప్రమాదం కూడా అర్థమవుతుంది. అంచున ఒక రెమ్మ ఎండిపోతే చెట్టుకు పెద్ద నష్టం లేదు. మాను దెబ్బతింటే దాని మీద ఆధారపడిన కొమ్మలన్నీ పోతాయి. ఎక్కువ డోసు తగిలిన పెద్ద శ్వాసనాళం నెలల తర్వాత ముడుచుకుపోవచ్చు, పుండు పడవచ్చు, చిల్లు పడవచ్చు. దాని పక్కనే పెద్ద రక్తనాళం ఉంటుంది కాబట్టి రక్తస్రావం అయితే ఆపడం కష్టం.

2006లో మోగిన హెచ్చరిక గంట

ఈ విషయాన్ని మొదట గట్టిగా చెప్పింది అమెరికాలోని ఇండియానా యూనివర్సిటీ వైద్యులు. 70 మంది రోగులకు 60 నుంచి 66 గ్రేను 3 సార్లుగా ఇచ్చారు. 2006లో ఫలితాలు ప్రచురించారు. రెండేళ్ల దాకా తీవ్రమైన దుష్ప్రభావాలు లేకుండా ఉన్నవారు, అంచున కణితి ఉన్నవాళ్లలో 83 శాతం. మధ్యలో కణితి ఉన్నవాళ్లలో 54 శాతమే. ఆరుగురి మరణానికి చికిత్సే కారణమై ఉండొచ్చని భావించారు.

అప్పటి నుంచి పెద్ద శ్వాసనాళాల చుట్టూ ఉన్న ఆ 2 సెంటీమీటర్ల ప్రాంతానికి 'నో ఫ్లై జోన్' అన్న పేరు పడింది. విమానాలు ఎగరకూడని చోటు అన్నట్టు, 3 సిట్టింగుల చికిత్స అక్కడికి వెళ్లకూడదన్నమాట. తర్వాత అదే రోగులను ఎక్కువ కాలం గమనించినప్పుడు ఆ తేడా కొంత తగ్గింది. తీవ్ర దుష్ప్రభావాలు మధ్యలో కణితి ఉన్నవాళ్లలో 27.3 శాతం, అంచున ఉన్నవాళ్లలో 10.4 శాతం అని 2009లో చెప్పారు. గణాంకాల లెక్కలో అది కచ్చితమైన తేడా అనిపించుకోలేదు. అయినా హెచ్చరికను ఎవరూ తేలిగ్గా తీసుకోలేదు. 'ఇవ్వాలా వద్దా' అన్న ప్రశ్న 'ఎన్ని ముక్కలుగా ఇవ్వాలి' అన్న ప్రశ్నగా మారింది.

ఒకే 60 గ్రే... నాలుగు రకాల దెబ్బ

మొత్తం డోసు 60 గ్రే అని రిపోర్టులో ఉంటే చాలదు. దాన్ని ఎన్ని ముక్కలు చేశారన్నదే అసలు సంగతి. రేడియేషన్ వైద్యులు వాడే ఒక అంచనా లెక్క ఉంది. అదే డోసు కణితి మీద ఎంత బలంగా పనిచేస్తుంది, మంచి కణజాలానికి ఆలస్యంగా వచ్చే నష్టం ఎంత ఉండొచ్చు అని విడివిడిగా చూస్తారు. 60 గ్రేనే తీసుకుందాం.

• 2 గ్రే చొప్పున 30 సార్లు: కణితి మీద 72, మంచి కణజాలం మీద 100
• 7.5 గ్రే చొప్పున 8 సార్లు: కణితి మీద 105, మంచి కణజాలం మీద 210
• 12 గ్రే చొప్పున 5 సార్లు: కణితి మీద 132, మంచి కణజాలం మీద 300
• 20 గ్రే చొప్పున 3 సార్లు: కణితి మీద 180, మంచి కణజాలం మీద 460

కణితి మళ్లీ లేవకుండా ఉండాలంటే మొదటి అంకె 100 దాటితే మంచిదని వైద్యులు చూస్తారు. రెండో అంకె పూర్తి డోసు తగిలిన చోటుకే వర్తిస్తుంది. కణితి అంచున ఉంటే ఆ డోసు తగిలేది కాస్త ఊపిరితిత్తికి. మధ్యలో ఉంటే పెద్ద శ్వాసనాళం గోడకే తగలవచ్చు.

ఇప్పుడు పై పట్టికను మళ్లీ చూడండి. 8 సార్లుగా ఇస్తే కణితికి కావాల్సిన 100 దాటుతోంది. మంచి కణజాలం మీద భారం 3 సార్ల పద్ధతిలో సగం కూడా లేదు. మధ్యలో కణితి ఉన్నవాళ్లకు 5 లేదా 8 సిట్టింగులు చెప్పడం వెనక ఉన్న లెక్క ఇదే. సిట్టింగులు పెంచారంటే డాక్టర్ మిమ్మల్ని తిప్పుతున్నట్టు కాదు. చాలాసార్లు అది జాగ్రత్త.

తర్వాతి ప్రయోగాలు ఏం చెప్పాయి?

5 సిట్టింగులతో ఎంత వరకు వెళ్లొచ్చో తేల్చడానికి ఆర్‌టీఓజీ 0813 అనే ప్రయోగం చేశారు. ఒక్కోసారి ఇచ్చే డోసును 10 గ్రే నుంచి మెల్లగా పెంచుతూ 12 గ్రే దాకా వెళ్లారు. 2019లో ఫలితాలు వచ్చాయి. 12 గ్రే చొప్పున 5 సార్లు ఇచ్చినప్పుడు, మొదటి ఏడాదిలో తట్టుకోలేని స్థాయి దుష్ప్రభావం వచ్చే అవకాశం 7.2 శాతం అని లెక్క తేలింది. రెండేళ్లకు కణితి అదుపులో ఉన్నవారు దాదాపు 88 శాతం. సెంట్రల్ కణితికి 5 సిట్టింగుల మార్గం తెరుచుకున్నది దీనితోనే.

కానీ మరీ దగ్గరగా ఉన్న కణితుల సంగతి వేరు. ఉత్తర ఐరోపా దేశాల వైద్యులు హైలస్ అనే ప్రయోగంలో, పెద్ద శ్వాసనాళాలకు 1 సెంటీమీటర్ లోపు కణితి ఉన్న 65 మందికి 56 గ్రేను 8 సార్లుగా ఇచ్చారు. 2021లో వచ్చిన ఫలితాలు కలవరపెట్టాయి. చికిత్స వల్లే అయి ఉండొచ్చని భావించిన మరణాలు 10. అందులో 8 ఊపిరితిత్తుల రక్తస్రావం వల్ల. శ్వాసనాళం మానుకు, మొదటి పెద్ద కొమ్మలకు కణితి ఎంత దగ్గరగా ఉంటే ప్రమాదం అంత ఎక్కువని తేలింది.

అంటే 8 సార్లుగా ఇచ్చినా భరోసా లేదా? ఇక్కడే కెనడా వైద్యుల సన్‌సెట్ ప్రయోగం పక్కన పెట్టి చూడాలి. అల్ట్రా సెంట్రల్ కణితి ఉన్న 30 మందికి 60 గ్రేను 8 సార్లుగా ఇచ్చారు. రెండేళ్లలో తీవ్ర దుష్ప్రభావాలు వచ్చినవారు ఇద్దరు, అంటే 6.7 శాతం. వాళ్లలో ఒకరు చనిపోయారు.

మొత్తం డోసు సన్‌సెట్‌లోనే కాస్త ఎక్కువ. మరి తేడా ఎందుకు? ఒక ముఖ్యమైన కారణం ప్లాన్ వేసిన తీరు. రేడియేషన్ ప్లాన్‌లో డోసు అంతటా సమానంగా ఉండదు. మధ్యలో కొన్ని చోట్ల రాసిన డోసు కంటే ఎక్కువ పడుతుంది. వీటిని హాట్ స్పాట్లు అంటారు. హైలస్‌లో రాసిన డోసుకు 150 శాతం వరకు హాట్ స్పాట్‌ను అనుమతించారు. సన్‌సెట్‌లో 120 శాతానికే పరిమితం చేశారు. శ్వాసనాళం గోడ ఆ హాట్ స్పాట్ పరిధిలోకి వస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. రెండూ చిన్న ప్రయోగాలే, రోగులూ ఒకే రకం వాళ్లు కాదు. కాబట్టి తేడా మొత్తం దీనివల్లే అనలేం. కానీ ప్లాన్ వేసేవారి చేతిలోనే సగం భద్రత ఉందని చెప్పడానికి ఇది చాలు.

ఇంకో మాట కూడా తెలుసుకోవాలి. కెనడాలోనే 233 మందిపై జరిగిన లస్టర్ ప్రయోగంలో ఎస్‌బీఆర్‌టీని, 60 గ్రేను 15 సార్లుగా ఇచ్చే పద్ధతితో పోల్చారు. మూడేళ్లకు కణితి అదుపు ఎస్‌బీఆర్‌టీలో 87.6 శాతం, 15 సార్ల పద్ధతిలో 81.2 శాతం. గణాంకాల పరంగా ఇది కచ్చితమైన తేడా కాదని తేల్చారు. అంటే మీ డాక్టర్ 'ఇది మరీ మధ్యలో ఉంది, 15 సార్లుగా ఇద్దాం' అంటే పాతకాలం వైద్యం అంటగడుతున్నారని అనుకోవద్దు.

ఎవరికి ఇంకా జాగ్రత్త అవసరం?

కణితి చోటుతో పాటు రోగి పరిస్థితినీ చూడాలి. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు, అంటే ఐఎల్‌డీ, ముందే ఉన్నవాళ్లకు రేడియేషన్ తర్వాత వచ్చే వాపు ప్రాణాంతకం కావచ్చు. కొత్త రక్తనాళాలు పుట్టకుండా ఆపే బెవాసిజుమాబ్ లాంటి క్యాన్సర్ మందులు వాడుతున్నవారికి రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. గుండె జబ్బుకు రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నా, దగ్గినప్పుడు ఇప్పటికే రక్తం పడుతున్నా, గతంలో ఛాతీకి రేడియేషన్ ఇచ్చి ఉన్నా ముందే చెప్పాలి. డాక్టర్ అడగలేదు కదా అని ఊరుకోవద్దు. వేసుకునే మాత్రల చీటీలన్నీ ఒక కవర్లో పెట్టి తీసుకెళ్లండి.

అసలు అది క్యాన్సరేనా అన్నదీ తేలాలి. మన దగ్గర టీబీ ఎక్కువ. స్కాన్‌లో టీబీ మచ్చ, కణితి ఒకేలా కనిపించే సందర్భాలుంటాయి. వీలైనంత వరకు ముక్క పరీక్ష, అంటే బయాప్సీ, రిపోర్టు చేతిలో ఉండాలి. పెట్ సీటీ తీయించి క్యాన్సర్ గ్రంథులకు, వేరే అవయవాలకు పాకలేదని చూసుకోవాలి. పాకి ఉంటే చికిత్స దారే మారిపోతుంది.

మన జిల్లా నుంచి ఎక్కడికి వెళ్లాలి?

కొత్తపట్నం నుంచి ఒంగోలు 20 కిలోమీటర్ల లోపే. ఎక్స్‌రే, స్కాన్, కఫం పరీక్షల దాకా ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలో మొదలుపెట్టవచ్చు. ఆ తర్వాత చాలామంది దారులు వేరవుతాయి. వందకు పైగా కిలోమీటర్ల దూరంలోని గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలో నాట్కో ట్రస్టు సాయంతో కట్టిన క్యాన్సర్ కేంద్రం ఉంది. విశాఖపట్నం అగనంపూడిలో టాటా మెమోరియల్ కింద నడిచే హోమీ బాబా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే, చెన్నై అడయారులో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, వేలూరులో సీఎంసీ మనవాళ్లు ఎప్పటి నుంచో వెళ్తున్న చోట్లు. ప్రైవేటులో విజయవాడ, గుంటూరు, హైదరాబాద్ ఎటూ ఉన్నాయి.

అయితే లీనియర్ యాక్సిలరేటర్ అనే యంత్రం ఉన్న ప్రతి చోటా మధ్యలో ఉన్న కణితికి ఎస్‌బీఆర్‌టీ ఇవ్వగలరని కాదు. ఊపిరి తీసుకుంటే కణితి కదులుతుంది. ఆ కదలికను పట్టే 4డీ సీటీ స్కాన్ కావాలి. ప్రతి సిట్టింగుకు ముందు టేబుల్ మీదే స్కాన్ తీసి కణితి చోటు సరిచూసుకునే వీలుండాలి. డోసు లెక్క కట్టి, ఇచ్చే ముందు యంత్రం మీద సరిచూసే మెడికల్ ఫిజిసిస్టు ఉండాలి. దేశంలో ఏ రేడియేషన్ కేంద్రమైనా అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ లైసెన్సుతోనే నడవాలి. ఫిజిసిస్టు, రేడియేషన్ భద్రతాధికారి లేకుండా నడపకూడదు. లైసెన్సు ఉందంటే యంత్రం నడపడానికి అర్హత ఉన్నట్టు. మీ కణితి లాంటివాటికి ఎంతమందికి ఇచ్చారన్నది మీరే అడిగి తెలుసుకోవాలి.

ప్రభుత్వ పథకం కింద వెళ్తుంటే

2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకంలో క్యాన్సర్ చికిత్సలున్నాయి. అయితే రేడియేషన్ అంతా ఒకే ప్యాకేజీ కాదు. పద్ధతిని బట్టి విడివిడిగా అనుమతి తీసుకుంటారు. కాబట్టి మూడు పనులు చేయండి.

ఒకటి, నెట్‌వర్క్ ఆస్పత్రిలో జనం ఇప్పటికీ ఆరోగ్యమిత్ర అని పిలిచే సిబ్బంది దగ్గరికి వెళ్లి, అనుమతి ఏ పద్ధతి పేరుతో పెట్టారో అడగండి. డాక్టర్ చెప్పిన పద్ధతి, అనుమతి వచ్చిన పద్ధతి ఒకటేనా అని చూసుకోండి. వేరుగా ఉంటే చికిత్స మొదలవకముందే తేల్చుకోవాలి. రెండు, సందేహముంటే 104కు ఫోన్ చేయండి. మూడు, పథకం కింద రాదని చెబితే ఆ మాట కాగితం మీద తీసుకోండి. ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు చేసేటప్పుడు వైద్యం అంచనా పత్రంతో పాటు అదీ పనికొస్తుంది.

రెండో అభిప్రాయం కావాలంటే డాక్టర్ ఏమనుకుంటారోనని మొహమాటపడొద్దు. టాటా మెమోరియల్ ముందుండి నడిపే నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ నిపుణుల సలహాను 'నవ్య' అనే సేవ ద్వారా ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. స్కాన్ సీడీ, బయాప్సీ రిపోర్టు, డిశ్చార్జ్ సమ్మరీ మీ దగ్గరుంటే చాలు. తొలిదశ కణితికి రెండో మాట అడగడానికి పట్టే కొద్ది రోజుల వల్ల సాధారణంగా నష్టం ఉండదు. తొందరపడి తప్పు డోసు తీసుకుంటే మాత్రం దాన్ని వెనక్కి తీయలేం.

సంతకం పెట్టే ముందు అడగాల్సినవి

ఈ ప్రశ్నలను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

1. కణితి అంచున ఉందా, సెంట్రలా, అల్ట్రా సెంట్రలా? పెద్ద శ్వాసనాళానికి ఎన్ని సెంటీమీటర్ల దూరం?
2. మొత్తం ఎన్ని గ్రే? ఒక్కోసారి ఎంత? ఎన్నిసార్లు?
3. శ్వాసనాళం, అన్నవాహిక, పెద్ద రక్తనాళాల మీద గరిష్ఠంగా ఎంత డోసు పడుతుంది? హాట్ స్పాట్ ఎక్కడ వస్తోంది?
4. ఊపిరి కదలికను ఎలా లెక్కలోకి తీసుకుంటున్నారు? ప్రతిసారీ స్కాన్ తీసి చూస్తారా?
5. 15 సార్లుగా, లేదా అంతకంటే ఎక్కువ సార్లుగా ఇస్తే మాకు లాభమా, నష్టమా?
6. సర్జన్, రేడియేషన్ డాక్టర్, మందుల డాక్టర్ కలిసి కేసు చూశారా?

ఆ డోసు అంకెలు మీకు అర్థం కాకపోయినా ఫర్వాలేదు. రాసిచ్చిన కాగితం రెండో డాక్టర్‌కు అర్థమవుతుంది. మొదటి మూడు ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబు చెప్పే చోటు మీకు సరైన చోటు. '3 సార్లే, ఏం కాదు' అని దాటవేస్తే ఇంకో తలుపు తట్టండి.

చికిత్స అయ్యాక

చివరి సిట్టింగుతో కథ అయిపోదు. నీరసం, పొడిదగ్గు మొదటి వారాల్లో మామూలే. ఆయాసం పెరగడం, జ్వరంతో దగ్గు సాధారణంగా తొలి ఆరు నెలల్లో రావచ్చు. దాన్ని న్యుమోనియా అనో టీబీ అనో పొరబడే వీలుంది. అందుకే ఊళ్లో ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా 'ఛాతీకి రేడియేషన్ ఇచ్చారు' అని ముందే చెప్పాలి. పెద్ద శ్వాసనాళం ముడుచుకోవడం, రక్తస్రావం లాంటివి ఏడాది దాటాక కూడా రావచ్చు. దగ్గుతో చెంచాడు రక్తం పడినా, మింగడం కష్టమైనా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. రక్తం ఎక్కువగా పడితే వెంటనే 108కు ఫోన్ చేయండి.

చికిత్స ఇచ్చిన ఆస్పత్రి నుంచి డోసు, సిట్టింగులు, తేదీలు ఉన్న సమ్మరీ తప్పకుండా తీసుకోండి. రేపు మరో ఆస్పత్రిలో బ్రాంకోస్కోపీ చేయాలన్నా, మళ్లీ రేడియేషన్ ఇవ్వాలన్నా ఆ కాగితం లేకుండా ఎవరూ ధైర్యంగా చేయలేరు. ఒక ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి.

ఊపిరితిత్తి మధ్యలో కణితి ఉందంటే ఇక చేసేదేమీ లేదనుకునే రోజులు పోయాయి. అలాగని అంచున ఉన్నవాళ్లకు ఇచ్చినట్టే ఇచ్చేయడమూ కుదరదు. రెండు మూడు సెంటీమీటర్ల తేడాకు 3 సార్లు 8 సార్లవుతాయి, ఒక్కోసారి 15 అవుతాయి. ఆ అదనపు ప్రయాణాలకు అయ్యే ఖర్చు నిజమే, కష్టమూ నిజమే. కానీ ఆ తిరుగుడు ఎందుకో తెలిసి తిరిగితే, అది ప్రాణానికి కట్టిన గట్టు.